గా నోయ్ కోడి: గుర్తుపట్టడం నుంచి వంశం నిలబెట్టడం దాకా, మెట్టు మెట్టుగా

గా నోయ్ అనే వియత్నాం పోట్లాట కోడి మాట ఎత్తితే చాలు, అవే మూడు ప్రశ్నలు వస్తాయి. "మెడ మీద ఈకల్లేవు, జబ్బా?" "మన అసీలుకీ దీనికీ తేడా ఏంటి?" "ఇది అసలుదే అని ఎలా నమ్మాలి?" ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా మొదటి నుంచీ వరసగా రాస్తున్నాను.

మధ్య వియత్నాంలో రొయ్య పిల్లల హేచరీలో పని చేసిన రోజుల్లో మా అద్దె ఇంటి పక్కన ఒక పెద్దాయన ఈ కోళ్లు పెంచేవాడు. నేను భీమవరం వైపు అసీళ్ల (మన పందెం జాతి కోళ్ల) మధ్య పెరిగినవాణ్ణి. నా కళ్లు నేరుగా పుంజు మీదకే పోయేవి. ఆయన మాత్రం ముందు నన్ను పెట్టల దొడ్డిలోకి తీసుకెళ్లాడు. "నోయ్ అంటే వంశం. తల్లి ఎవరో చెప్పలేని కోడిని నోయ్ అనకూడదు" అన్నాడు. కింద రాసిందంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

## 1. ముందు పేర్లు తేల్చుకోండి

"గా" అంటే కోడి. ఉత్తరాన హనోయ్ వైపు గా చోయ్ అంటారు, దక్షిణాన గా దా అంటారు. రెండింటికీ అర్థం పోట్లాడే కోడి అనే. గా నోయ్ అన్నప్పుడు మాత్రం వంశం తెలిసిన కోడి అని అర్థం.

ఇందులో రెండు తరహాలు ఉన్నాయి. ఏది చూస్తున్నారో తెలియకుండా ముందుకు పోకండి.

- గా దోన్: పొడుగు కాళ్లు, పెద్ద ఒళ్లు, ఈకలు పలచబడిన మెడ. కాలి దెబ్బ మీద ఆధారపడే పక్షి, మనవాళ్లు డింకీ (కత్తి కట్టని పందెం) అనే తరహా. మధ్య వియత్నాంలోని బిన్ దిన్, ఫూ యెన్, ఖాన్ హోవా ప్రాంతాలు దీనికి పేరు.
- గా కువా: "కువా" అంటే కాలి ముల్లు. ఒళ్లు తేలిక, మెడ నిండా ఈకలు. మెకాంగ్ డెల్టాలోని కావ్ లాన్, బెన్ చే వైపు ఎక్కువ.

పాత పుస్తకాల్లో బిన్ దిన్ వేరే ప్రావిన్సుగా కనిపిస్తుంది. 2025 జులై 1 నుంచి అది జా లాయ్ ప్రావిన్సులో కలిసింది. పెంపకందారులు ఇప్పటికీ "బిన్ దిన్ కోడి" అనే అంటారు.

చరిత్ర గురించి రెండే మాటలు. 13వ శతాబ్దంలో మంగోలు సేనలు మీదకు వస్తున్నప్పుడు సేనాని చన్ హుంగ్ దావ్ తన అధికారులను మందలిస్తూ "కోడిపుంజు ముల్లు శత్రువు కవచాన్ని చీల్చలేదు" అన్నాడు. అంటే అప్పటికే ఈ కోళ్ల పిచ్చి అంత ముదిరింది. బిన్ దిన్‌లోని తాయ్ సన్ సోదరుల్లో (18వ శతాబ్దపు తిరుగుబాటు నాయకులు) ఒకడైన న్గుయెన్ లూ, పుంజు కదలికలను చూసి ఒక యుద్ధ విద్యను అల్లాడని అక్కడ చెప్పుకుంటారు.

ఈ వ్యాసంలో గా దోన్ గురించే చెబుతాను. అడిగేవాళ్లలో ఎక్కువమందికి కావలసింది అదే.

## 2. కోడిని తెచ్చుకునే ముందు

ఇది పెంపకం గురించిన వ్యాసం, పందెం గురించి కాదు. మన దేశంలో జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. వియత్నాంలో కూడా కోడి మీద డబ్బు కాసి జూదమాడితే 2015 శిక్షాస్మృతి కింద కేసు కావచ్చు. నాకు ఈ జాతి మీద ప్రేమ ఉంది. దానికి కత్తి కట్టి చంపుకోవడం మీద లేదు.

రెండో సంగతి, సూట్‌కేసులో గుడ్లు తెచ్చుకోవడం. దయచేసి వద్దు. విదేశం నుంచి బతికున్న కోడి గానీ, పొదిగే గుడ్డు గానీ మన దేశంలోకి రావాలంటే ముందుగా ప్రభుత్వ ఆరోగ్య అనుమతి ఉండాలి. బర్డ్ ఫ్లూ వియత్నాంలో 2003 చివరి నుంచి రైతులను ఏడిపిస్తున్న జబ్బు. ఒక్క గుడ్డు కోసం ఊరి కోళ్లన్నిటినీ పణంగా పెట్టకూడదు.

కాబట్టి ఈ వ్యాసం వియత్నాంలో ఉంటున్న తెలుగువాళ్లకూ, వలస వెళ్లిన వియత్నామీయుల ద్వారా ఈ జాతి చేరిన అమెరికా లాంటి చోట్ల పెంచుకుంటున్నవాళ్లకూ నేరుగా పనికొస్తుంది. ఇంటి దగ్గర అసీళ్లు ఉన్నవాళ్లకు 5 నుంచి 9 దాకా ఉన్న భాగాలు దాదాపు ఉన్నదున్నట్టుగా పనికొస్తాయి.

కోడి రాకముందే సిద్ధంగా ఉండాల్సినవి:

- పుంజుకు ఒక గది చొప్పున, మధ్యలో కంటికి అడ్డంగా తడిక లేదా రేకు
- పెట్టలు తిరగడానికి నీడ, ఎండ రెండూ ఉన్న దొడ్డి
- వెదురు గంపలు రెండు మూడు (వియత్నాంలోనూ మన కోడి గంప లాంటి గంపే వాడతారు)
- కొత్త కోడిని విడిగా ఉంచడానికి మందకు దూరంగా ఒక చోటు, కనీసం మూడు వారాలకు
- కాలి రింగులు, మూడు రంగుల్లో
- ఒక నోటు పుస్తకం
- ఊళ్లో కోళ్ల సంగతి తెలిసిన పశువైద్యుడి ఫోన్ నంబరు

## 3. కోడిని చూసే వరస

కొత్తవాళ్లు ముందు రంగు చూస్తారు. చూడాల్సిన వాటిలో రంగు ఆఖరుది. ఈ వరస తప్పకండి.

మొదట దూరం నుంచి నిలబాటు. పది అడుగుల దూరంలో నిలబడండి. పట్టుకోకండి, అదిలించకండి. రెండు నిమిషాలు ఊరికే చూడండి. మంచి గా దోన్ నిటారుగా నిలబడుతుంది. భుజాలు వెడల్పుగా, ఎత్తులో ఉంటాయి. అక్కడి నుంచి వీపు తోక వైపు ఏటవాలుగా దిగుతుంది. మెడ పొడుగు, కాళ్లు పొడుగు. రెండు పాదాల మీద బరువు సమానంగా పడాలి. ఒక కాలు పదే పదే ఎత్తుతుంటే పాదం కింద చూడాల్సిందే.

రెండోది చర్మం. మెడ, రొమ్ము ముందు భాగం, తొడలు, ఈ చోట్ల ఈక పలచగా ఉండి ఎర్రటి మందపాటి చర్మం బయటపడుతుంది. ఇది జబ్బు కాదు, జాతి లక్షణం. జబ్బుతో ఊడిన చోటికీ దీనికీ తేడా తెలియాలంటే వేలితో తాకండి. జాతి చర్మం నున్నగా, బిగువుగా, మడత మడతగా ఉంటుంది. గోమార్లు పట్టిన చర్మం మీద విరిగిన ఈక మొదళ్లు, పొట్టు, ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి.

మూడోది తల. కనుబొమ ఎముక ముందుకు పొడుచుకొచ్చి, కన్ను లోపలికి ఉంటుంది. ముక్కు పొట్టిగా, మొదట్లో లావుగా, కొస కిందికి వంగి ఉంటుంది. గడ్డం కింద వేలాడే తోలు దాదాపు ఉండదు. తురాయి తలకు అతుక్కున్నట్టు చిన్న చిన్న బుడిపెలుగా ఉంటుంది, మన అసీలుకున్నట్టే. రంపపు పళ్లలా నిలబడే ఒంటి తురాయి కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. అది కనబడగానే కల్తీ అనకండి, కానీ పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఎందుకో 6లో చెబుతాను.

నాలుగోది ఈక. పొట్టిగా, గట్టిగా, ఒంటికి అతుక్కుని ఉండాలి. రెక్క విప్పి చూడండి. ఈక కాడ లావుగా, వంచితే తిరిగి నిలబడేలా ఉండాలి. మెడ మీద పట్టు కుచ్చులా జారే పొడుగు ఈకలు ఈ జాతివి కావు.

ఐదోది చేతిలో బరువు. రెండు చేతులతో ఎత్తండి. పెరిగిన పుంజు 3 నుంచి 4 కిలోలు తూగుతుంది. పెట్ట 2 నుంచి 3 కిలోల మధ్య. అంకె కన్నా ముఖ్యం, చేతికి తగిలే గట్టిదనం. రొమ్ము ఎముక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరపండి. గీత గీసినట్టు తిన్నగా ఉండాలి. వంకర తగిలితే దాని చిన్నతనంలో పెంపకం సరిగా లేదు.

ఆరోది కాళ్లు. పసుపు, తెలుపు, నలుపు, ఆకుపచ్చ ఛాయ, ఏదైనా కావచ్చు. పొలుసులు ఒకదాని మీద ఒకటి పెంకులు పేర్చినట్టు బిగువుగా కూర్చోవాలి. మనకు కుక్కుట శాస్త్రం ఉన్నట్టే వియత్నాం వాళ్లకు పొలుసుల శాస్త్రం ఉంది. మోకాలి దగ్గర పెద్ద పొలుసు ఒక పేరుతో, వేళ్ల దగ్గర పొలుసు మరో పేరుతో, ఒక్కో అమరికకు ఒక్కో ఫలం చెబుతారు. వాళ్ల నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. కానీ కోడిని ఎంచుకునేటప్పుడు పొలుసుల్లో నేను చూసేది ఆరోగ్యమే. పొలుసు లేచి, కింద తెల్లటి పొడి ఉందంటే కాలి గోమారు పట్టింది.

ఆఖరున రంగు. వాళ్ల రంగుల పేర్లు మనకు బాగా దగ్గరగా ఉంటాయి. నల్లటి దాన్ని "ఓ" అంటారు, మన కాకి. ఎరుపు నలుపు కలిసిన "దియ్యూ" మన డేగకు దగ్గర. బూడిద రంగుది "సామ్". తెల్లటిది "న్యాన్", మన సేతువ. అరటి ఆకు లేత రంగులు కలిసిన దాన్ని "చువోయ్" అంటారు. ఆ మాటకు అరటి అనే అర్థం. రంగును బట్టి ధర పెంచితే మాత్రం ఇవ్వకండి.

## 4. కల్తీని పట్టుకోవడం

ఇప్పుడు వియత్నాం దొడ్లలో అమెరికా, థాయ్‌లాండ్, మయన్మార్ కోళ్ల రక్తం బాగా కలిసింది. అవి చెడ్డ కోళ్లని కాదు. కానీ గా నోయ్ అని డబ్బిచ్చి అవి తెచ్చుకుంటే వంశం మాట అక్కడితో సరి.

ఇలా కనిపిస్తే ఆగి ఆలోచించండి:

- మెడ ఈకలు భుజాల దాకా జారి మెరుస్తున్నాయి, తోక కొడవళ్లు పొడుగ్గా వంగి ఉన్నాయి: అమెరికా రకం కలిసి ఉండొచ్చు
- ఒళ్లు చిన్నది, కదలిక చాలా చురుకు, మెడ నిండా ఈక: మయన్మార్ లేదా థాయ్ రకం కలిసి ఉండొచ్చు
- నాలుగు నెలలకే పూర్తి ఈకతో పెద్ద కోడిలా ఉంది: త్వరగా ఎదిగే రకం కలిసింది
- "తల్లిని చూపించండి" అంటే మాట మారుస్తున్నారు: అక్కడి నుంచి వచ్చేయండి

చివరిది మిగతా మూడింటికన్నా పెద్ద గుర్తు. మరో పొరపాటు కూడా జరుగుతుంది. లావాటి గడ్డల్లాంటి కాళ్లున్న దోంగ్ తావ్ కోడి ఫోటో చూసి గా నోయ్ అనుకుంటారు. అది హనోయ్‌కి దగ్గర్లోని హుంగ్ యెన్ జాతి, దీనికీ దానికీ సంబంధం లేదు.

అసీలుతో తేడా అడిగేవాళ్లకు: తురాయి, గట్టి ఈక, కనుబొమ, నిటారు నిలబాటు, ఇవన్నీ రెండింటిలోనూ ఉన్నాయి. తేడా మెడలో తెలుస్తుంది. అసీలు మెడ ఈకతో కప్పి ఉంటుంది. గా దోన్ మెడ మీద ఈక అక్కడక్కడా మాత్రమే ఉంటుంది, ఎర్రటి తోలు కనిపిస్తుంది.

## 5. పెట్టను ఎంచుకోవడం

"కుక్కకు తండ్రి పోలిక, కోడికి తల్లి పోలిక" అని వియత్నాం సామెత. పాతతరం పెంపకందారులు పుంజును ఇస్తారు గానీ పెట్టను బయటికి పంపరు. పక్కింటి పెద్దాయన నాకు రెండేళ్ల తర్వాత గానీ ఒక్క పెట్ట గుడ్డు కూడా ఇవ్వలేదు.

శాస్త్రం ప్రకారం తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ దాదాపు సమానంగానే వస్తుంది. నిజానికి పెట్ట పిల్లకు ఉండే ఒకే ఒక్క జెడ్ క్రోమోజోమ్ తండ్రి నుంచే వస్తుంది. అయినా సామెతలో పని ఉంది. పుంజును అందరూ కళ్లలో వత్తులేసుకుని చూసి ఎంచుతారు, పెట్టను ఎవరూ పట్టించుకోరు. సగం వంశం అక్కడే జారిపోతుంది. పైగా గుడ్డు పరిమాణం, పొదుగు, పిల్లల్ని సాకే ఓపిక, ఇవన్నీ తల్లివే.

పెట్టలో చూడాల్సినవి:

- 3లో చెప్పిన నిలబాటు, ఎముక, తురాయి, అవే కొలతలు (పుంజుకో న్యాయం, పెట్టకో న్యాయం వద్దు)
- కనీసం ఒక విడత గుడ్లు పెట్టి, పిల్లల్ని సాకిన అనుభవం
- పగలు మనిషిని చూసి బెదిరి గోడకు కొట్టుకోకపోవడం
- వయసు ఏడాది దాటి ఉండటం. మొదటి చిన్న గుడ్లను పొదగెయ్యకండి

డబ్బు పరిమితంగా ఉంటే మంచి పెట్టలు మూడు, మామూలు పుంజు ఒకటి కొనండి. అటుదిటు చెయ్యకండి.

## 6. మూడు రింగుల పద్ధతి

చిన్న దొడ్డిలో వంశం చెడేది రెండు రకాలుగా. కొత్త రక్తం పేరుతో కనిపించిన పుంజునల్లా వదలడం ఒకటి. అన్నా చెల్లెళ్లను తరతరాలుగా కలపడం రెండోది. రెండో దాంట్లో గుడ్లు పొదగకపోవడం, పిల్లలు బలహీనంగా పుట్టడం మెల్లగా మొదలై ఒక్కసారిగా మీద పడుతుంది.

దీనికి తేలికైన విరుగుడు ఇది.

1. మూడు వేర్వేరు పెట్టలతో మూడు ఇళ్లు మొదలుపెట్టండి: ఎర్ర రింగు, పచ్చ రింగు, నీలం రింగు.
2. పుట్టిన ప్రతి పిల్లకూ తల్లి రింగు రంగే వెయ్యండి. తండ్రి ఎవరైనా సరే.
3. పెట్ట పిల్లలు తల్లి ఇంట్లోనే ఉంటాయి. ఎప్పటికీ ఇల్లు మారవు.
4. పుంజులు మాత్రమే మారతాయి. ఎర్ర ఇంటి పుంజు పచ్చ ఇంటికి, పచ్చ ఇంటిది నీలానికి, నీలం ఇంటిది ఎర్రకు.
5. ఈ దిశ ఏ ఏడూ మార్చకండి.

ఇలా చేస్తే ఒకే తల్లి పిల్లలు జత పడే అవకాశమే ఉండదు, బయటి నుంచి పుంజును తెచ్చే అవసరం చాలా ఏళ్లు రాదు. వంశం తల్లి పేరు మీదే నడుస్తుంది. ఆ పెద్దాయనకు ఈ పద్ధతి వివరించినప్పుడు "మా నాన్న రింగుల్లేకుండా ఇదే చేసేవాడు" అన్నాడు.

ఒక పుంజుకు రెండు నుంచి నాలుగు పెట్టలు చాలు. పెట్టలు తమలో తాము పోట్లాడుకుంటే ఒక్కొక్కదాన్నే పుంజు గదిలోకి వంతులవారీగా వదలండి.

ఇప్పుడు తురాయి సంగతి. బుడిపెల తురాయి లక్షణం ఒంటి తురాయి మీద పైచేయిగా ఉంటుంది. అంటే బుడిపెల తురాయి ఉన్న పుంజుకూ పెట్టకూ ఒంటి తురాయి పిల్ల పుట్టిందంటే, ఆ ఇద్దరిలోనూ ఒంటి తురాయి గుణం దాగి ఉన్నట్టే. అలాంటి జతకు సగటున నాలుగు పిల్లల్లో ఒకటి అలా వస్తుంది. అది మీకు నచ్చకపోతే పిల్లను ఏరేస్తే సరిపోదు, ఆ జతనే మార్చాలి. అందుకే రాసి పెట్టుకోమన్నాను.

## 7. గుడ్లు, పొదుగు

ఈ పెట్ట గుడ్ల కోడి కాదు. ఒక విడతకు పది అటూ ఇటూగా పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ప్రతి గుడ్డూ లెక్కే.

- గుడ్లను రోజూ తీసి, చల్లటి నీడలో, సన్నటి కొస కిందికి ఉండేలా పెట్టండి. వారం లోపు పొదగెయ్యండి.
- ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ, తల్లి రంగు రాయండి.
- పెట్ట బరువుది, గుడ్లు పగలగొడుతుంది. ఎనిమిది, తొమ్మిది కన్నా ఎక్కువ కింద పెట్టకండి. గూడు లోతుగా కాకుండా పళ్లెంలా ఉండాలి. ఊరి నాటు పెట్ట పొదుగుకు ఉంటే దాని కింద పెట్టడం ఇంకా మేలు.
- ఇంక్యుబేటర్ అయితే 37.5 నుంచి 37.8 డిగ్రీలు. రోజుకు కనీసం మూడుసార్లు తిప్పాలి. 18వ రోజున తిప్పడం ఆపి తేమ పెంచాలి. 21వ రోజుకు పిల్లలు.
- ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డును టార్చి వెలుతురుకు పెట్టి చూడండి. ఎర్రటి సాలెగూడులా నరాలు కనిపిస్తే బతికున్నట్టు. పూర్తిగా తేటగా ఉంటే తీసెయ్యండి.

సగానికి సగం తేటగా వస్తే తప్పు గుడ్డుది కాకపోవచ్చు. పుంజు బరువెక్కి జత సరిగా కుదరకపోవడం, గుద చుట్టూ ఈకలు అడ్డం పడటం కూడా కారణం కావచ్చు. ఆ ఈకలను కత్తెరతో కత్తిరించి, పుంజు మేతలో తవుడు, మొక్కజొన్న తగ్గించి చూడండి.

## 8. పిల్ల నుంచి ఐదు నెలల దాకా

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి.

వేడి. మొదటి వారం బల్బు కింద 33 డిగ్రీలకు అటూ ఇటూ. తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించండి. ఈ పిల్లలకు ఈక ఆలస్యంగా వస్తుంది. మామూలు కోడి పిల్లలకు వేడి ఆపే సమయానికి వీటికి మెడ, రొమ్ము ఇంకా బోడిగానే ఉంటాయి. మరో రెండు వారాలు రాత్రిపూట బల్బు ఉంచండి. పిల్లలు బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి, గోడలకు అతుక్కుంటే వేడి ఎక్కువ.

మేత. నా మొదటి విడత పిల్లలకు త్వరగా ఎదగాలని రెండు నెలలు బ్రాయిలర్ మేత పెట్టాను. చూడముచ్చటగా పెరిగాయి. తొమ్మిదో వారంలో ఒకటి మోకాళ్ల మీద కూర్చుని లేవలేదు. తర్వాత మరో రెండు కాళ్లు బయటికి వంచాయి. కండ ఎముకను మించి పెరిగింది. పదకొండు పిల్లల్లో వంశానికి పనికొచ్చేవి నాలుగు మిగిలాయి. పెద్దాయన ఆ పిల్ల కాలిని బొటనవేలితో మోకాలి నుంచి కిందికి నిమిరి, ఏమీ అనకుండా నానబెట్టిన వడ్ల చట్టి నా చేతిలో పెట్టాడు.

ఇలా పెట్టండి:

- 0 నుంచి 6 వారాలు: పిల్లల మేత, మాంసకృత్తులు 20 శాతం దగ్గర
- 6 నుంచి 16 వారాలు: ఎదుగుదల మేత, 16 శాతం దగ్గర, దానితో పాటు రోజూ ఆకుకూర
- తర్వాత: వడ్లు ప్రధానం. రాత్రి నానబెట్టి, తేలిన పొల్లు పారబోసి, మొలక మొన కనిపించాక పెట్టాలి. వారానికి రెండు మూడుసార్లు చిన్న చేపలు, పురుగులు
- గుడ్లు పెట్టే పెట్టలకు ఆల్చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో

దండెం. రొమ్ము ఎముక మెత్తగా ఉన్నప్పుడు సన్నటి కర్ర మీద పడుకుంటే ఎముక వంకర పోతుంది, మళ్లీ తిన్నగా రాదు. మూడు నెలలు దాటేదాకా నేల మీద ఊక పరిచి పడుకోబెట్టండి. ఆ తర్వాత అరచేతి వెడల్పు చెక్క, మోకాలి ఎత్తులో వెయ్యండి. బరువైన కోడి ఎత్తు నుంచి దూకితే పాదాలు దెబ్బతింటాయి.

టీకాలు. మారెక్స్ మొదటి రోజే. రాణిఖేత్ లాసోటా చుక్క 5 నుంచి 7 రోజుల మధ్య, గంబోరో రెండో వారం, మళ్లీ లాసోటా నాలుగో వారం, మశూచి ఆరో వారం దాటాక రెక్క కింద. వియత్నాంలో బర్డ్ ఫ్లూ టీకా 2005 నుంచి వేస్తున్నారు. మీ ప్రాంతపు పట్టిక పశువైద్యుణ్ణి అడిగి దాని ప్రకారమే వెళ్లండి.

విడదీయడం. మూడు నెలలు దాటాక పుంజులు ఒకదాని కళ్లలోకి ఒకటి చూసుకోవడం మొదలుపెడతాయి. ఆ రోజే విడదీయండి. రేపు చూద్దాం అనుకున్న రాత్రే కన్ను పోతుంది. ఒకదానికొకటి కనబడకుండా అడ్డం ఉండాలి. కనబడితే వల గుండానే ముక్కులు చితక్కొట్టుకుంటాయి.

## 9. ఎండ, పసుపు

వియత్నాం పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. పొద్దున ఆరున్నరకు ఆ పెద్దాయన చిన్న పీట వేసుకుని పుంజును మోకాళ్ల మధ్య పెట్టుకునేవాడు. పచ్చి తేయాకు, ఉప్పు, పసుపు కొమ్ము వేసి కాచిన గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, ముందు ముఖం, తర్వాత మెడ, రొమ్ము, తొడలు వరసగా తుడిచేవాడు. మెడ దగ్గరికి వచ్చేసరికి పుంజు కళ్లు మూసుకుని ముక్కు ఆయన మణికట్టు మీద ఆనించేది.

వాళ్లు పసుపును నాటు సారాలో నూరి ఒంటికి పట్టించడం కూడా చేస్తారు. చర్మం మందంగా, ఎర్రగా మారుతుందని. నేను సారా వాడను. పెంపుడు కోడికి నీళ్ల పట్టు చాలు.

1. ఎనిమిది నెలలు నిండని కోడికి చెయ్యకండి.
2. గుడ్డను పూర్తిగా పిండండి. నీళ్లు ముక్కులోకి పోకూడదు.
3. పుండు మీద, కంటి మీద పసుపు రాయకండి.
4. తుడిచిన వెంటనే లేత ఎండలో గంప కింద అరగంట పెట్టండి. సగం నీడ ఉండాలి.
5. వారానికి రెండుసార్లు చాలు. చలిగాలి ఉన్న రోజు మానెయ్యండి.

తుడిచేటప్పుడు గోమార్లు, చిన్న గాయాలు, బరువు తేడా అన్నీ చేతికి తెలిసిపోతాయి. అసలు లాభం అదే.

## 10. ఏదైనా తేడా కనిపిస్తే

- మెడ మీద, ముఖం మీద నల్లటి పెచ్చులు: మశూచి. దోమల వల్ల వస్తుంది, ఈక లేని చోట దోమ తేలిగ్గా కుడుతుంది. కోడిని వేరు చేసి గూటికి దోమతెర కట్టండి. పెచ్చులు గిల్లకండి.
- కాలి పొలుసులు లేవడం: గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, ఆరాక వాజెలిన్ పట్టించండి. వారం విడిచి మళ్లీ. గూడు కూడా శుభ్రం చెయ్యాలి.
- పాదం కింద గట్టి నల్లటి మచ్చ, వాపు: ఎత్తు దండెం, గట్టి నేల కారణం. ఊక మందంగా వెయ్యండి. మీరు కొయ్యకండి, పశువైద్యుడికి చూపించండి.
- పిల్లల రెట్టలో రక్తం: తడి ఊకలో పెరిగే కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు. ఆ రోజే మందు కావాలి, ఊక మొత్తం మార్చాలి.
- మెడ తిరగడం, ఆకుపచ్చ రెట్ట: రాణిఖేత్ అనుమానించండి. మందకు దూరంగా తీసి వైద్యుణ్ణి పిలవండి.
- ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోవడం, తురాయి నీలం తిరగడం: ముట్టుకోకండి, కొయ్యకండి, పంచిపెట్టకండి. పశువైద్య శాఖకు వెంటనే చెప్పండి.

గొంతులో గురక పెట్టే కోడి గళ్లను నోటితో పీల్చి తీసే అలవాటు వియత్నాం, థాయ్‌లాండ్ పాతతరం పెంపకందారుల్లో ఉండేది. బర్డ్ ఫ్లూ మనిషికి అంటడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. ఎంత ప్రేమ ఉన్నా ఆ పని చెయ్యకండి.

## 11. పుస్తకంలో రాసే తీరు

ప్రతి కోడికీ ఒక పేజీ. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది:

పచ్చ రింగు 7, పెట్ట. తల్లి పచ్చ 2. తండ్రి ఎర్ర 4. ఎనిమిది గుడ్ల విడత, ఆరు పొదిగాయి. బుడిపెల తురాయి. మెడ ఈక పదో వారానికి కూడా రాలేదు. ఆరు నెలలకు 1.7 కిలోలు. రొమ్ము ఎముక తిన్నగా ఉంది. మనిషికి బెదరదు. ఉంచుకోవాలి.

ఏడాది నిండిన రోజు ప్రతి కోడినీ మళ్లీ 3లోని వరసలో చూసి, ఆ పేజీ కిందే "ఉంచుకోవాలి" లేదా "ఇచ్చెయ్యాలి" అని రాయండి. పుంజును ఇచ్చేటప్పుడు ఆ పేజీ నకలు కూడా తీసుకునేవాళ్ల చేతికి ఇవ్వండి.